లిఫ్ట్ మీటింగ్‌కు మళ్లీ వెళ్లే ముందు

నల్లకుంట,
హైదరాబాద్

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ముందువైపు లిఫ్ట్ ఎక్కకూడదని మీ మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో తీర్మానం పెడితే, లేచి కాదన్నది నువ్వొక్కదానివే అన్నావు. నలభై మంది ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని నేల చూపులు చూశారట. తీర్మానం పాసైపోయింది. "ఇక మీటింగులకు వెళ్లను అత్తయ్యా" అన్నావు చూడు, ఆ మాట కోసమే ఈ ఉత్తరం.

వెళ్లాలమ్మా. వచ్చే మీటింగ్‌కూ వెళ్లాలి, ఆ తర్వాతి దానికీ వెళ్లాలి.

డిగ్రీ కాలేజీలో 30 ఏళ్లు సైకాలజీ చెప్పినదాన్ని. ఏటా పిల్లలకు ఒక ప్రయోగం గురించి చెప్పేదాన్ని. ఫ్రాన్స్‌లో సెర్జ్ మోస్కోవిచి, ఆయన తోటివాళ్లు చేసి 1969లో ప్రచురించారు. ఆరుగురిని కూర్చోబెట్టి 36 నీలం స్లైడ్లు చూపించి రంగేమిటో చెప్పమన్నారు. ఆరుగురిలో ఇద్దరితో ముందే మాట్లాడి పెట్టుకున్నారు. వాళ్లు ప్రతిసారీ ఆకుపచ్చ అనే అన్నారు. మిగతా నలుగురి జవాబుల్లో నూటికి ఎనిమిదికి పైగా ఆకుపచ్చ అయ్యాయి. అదే ఇద్దరూ 24 సార్లు ఆకుపచ్చ, 12 సార్లు నీలం అన్నప్పుడు నూటికి ఒకటి దాటి ఏ కాస్తో వచ్చింది. ఎనిమిదంటే పెద్ద లెక్కేమీ కాదనిపిస్తుంది. కానీ ఆ ఇద్దరూ చెప్పింది కళ్లెదుట కనబడుతున్న అబద్ధం. నువ్వు చెప్తున్నది నిజం.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకోటుంది. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, నీలమో ఆకుపచ్చో తేలని రంగులు చూపించారు. పదిమందిలో ఉన్నప్పుడు ఒక్కసారి కూడా ఆకుపచ్చ అననివాళ్లు కూడా ఇప్పుడు ఆకుపచ్చ వైపు మొగ్గారు. అంటే పైకి ఒప్పుకోకపోయినా లోపల కదిలారు. నేల చూపులు చూసిన మీ నలభై మందిలో ఏం కదిలిందో నీకప్పుడే తెలియదు. మీటింగ్ అయ్యాక మూడో ఫ్లోర్ ఆవిడ లిఫ్ట్‌లో "మీరన్నది కరెక్టేనండీ" అని గొణిగిందన్నావు కదా. ఆవిడను పిరికిది అనుకోకు. ఇప్పుడు నీకు అందరికన్నా కావలసిన మనిషి ఆవిడే.

ఇన్ని తెలిసిన నేను నా స్టాఫ్ రూమ్‌లో ఏం చేశానో కూడా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ అటెండర్లకూ, ఊడ్చే ఆమెకూ వేరే గ్లాసులుండేవి. సత్తు గ్లాసులు, సొట్టలు పడినవి, కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేవి. మాకేమో ట్రేలో స్టీలువి. మొదటి నెలలోనే నేను పెద్దగా అరిచాను. "మీరంతా చదువుకున్నవాళ్లేనా" అన్నాను. ఆ రోజు నుంచి గ్లాసుల సంగతి వెనక్కిపోయింది, నా నోటి దురుసు ముందుకొచ్చింది. ఏడాది పాటు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు.

తర్వాత అరవడం మానేశాను. రోజూ ఇంటర్వెల్‌లో ఆ సత్తు గ్లాసులు కడిగి, తెచ్చి ట్రేలో మిగతావాటి పక్కన పెట్టేదాన్ని. సాయంత్రానికి ఎవరో మళ్లీ కిటికీ దగ్గర పెట్టేవాళ్లు. మర్నాడు మళ్లీ తెచ్చేదాన్ని. ఎవరైనా అడిగితే "అందరం తాగేది అదే టీ కదండీ" అనేదాన్ని, అంతకుమించి ఒక్క మాట లేదు. ఒకరోజు తెలుగు మాస్టారు, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి, ట్రేలోంచి సత్తు గ్లాసు తీసుకుని టీ పోయించుకుని తన కుర్చీలో కూర్చుని తాగారు. నావైపు చూడలేదు కూడా. ఆ సొట్ట గ్లాసు ఆయన చేతిలో ఎలా ఉందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఆ ఏడు వేసవి సెలవులయ్యాక వచ్చి చూస్తే కిటికీ గట్టు ఖాళీగా ఉంది. తీర్మానాలేమీ జరగలేదు. "అవెప్పుడో తీసేద్దామని మేమే అనుకున్నాం" అన్నారు కొందరు. అననిచ్చాను. మీ దగ్గరా అలాగే అంటారు, నువ్వు కూడా అననివ్వు.

అందుకే ముందు రెండో మనిషిని సంపాదించు. అమెరికాలో సాలమన్ ఆష్ 1950ల్లో గీతల పొడవు చెప్పించే ప్రయోగాలు చేశాడు. గదిలో అందరూ కలిసి తప్పు చెప్తుంటే, ఒంటరిగా ఉన్న మనిషి దాదాపు మూడింట ఒకసారి ఆ తప్పే చెప్పాడు. పక్కన నిజం చెప్పేవాడు ఒక్కడున్నా అది ఇరవైలో ఒకసారికి పడిపోయింది. మూడో ఫ్లోర్ ఆవిడను మీటింగ్‌లో మాట్లాడమని బలవంతపెట్టకు. పక్క కుర్చీలో కూర్చోమను, నువ్వు చెప్పింది మినిట్స్ బుక్‌లో రాశారో లేదో చూడమను. ఆ తర్వాత ఆవిడే నోరు విప్పుతుంది.

ఇక నీ మాట. అది ఒక్క వాక్యంలో ఉండాలి, ప్రతిసారీ అదే వాక్యం కావాలి. నేనైతే ఇలా అంటాను: "సామాన్లకు వేరే లిఫ్ట్ అనండి, ఒప్పుకుంటాను. మనుషులకు వేరే లిఫ్ట్ వద్దు." గ్యాస్ సిలిండర్లు, చెత్త డబ్బాలు, ఇసుక బస్తాలు వెనక లిఫ్ట్‌లో వెళ్లాలంటే వెంటనే సరేనను, అది ఓనర్లకూ వర్తించాలను. సెక్యూరిటీ అంటే గేటు దగ్గర రిజిస్టర్ ఉండనీ అను. ఇవ్వగలిగినవన్నీ ఇచ్చేసి, ఆ ఒక్కటి మాత్రం వదలకు. అన్నిటికీ అడ్డం పడితే మొండి మనిషని పక్కన పెట్టేస్తారు. వాట్సాప్ గ్రూప్‌లో రాత్రి పదకొండింటికి వాదించడం పూర్తిగా మానెయ్. అక్కడ చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి ఎవరూ వెనక్కి తగ్గరు.

నీ చేతిలో ఇంకో బలముంది, నువ్వు మర్చిపోయావు. ఏప్రిల్‌లో మీ బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ల లెక్క చూసింది ఎవరు? సంప్ దగ్గర తెల్లవారుజామున ఐదింటికి నిలబడింది ఎవరు? పదిమంది పని తలకెత్తుకున్న మనిషి ఒకరోజు ఎదురు మాట్లాడితే జనం కాస్త ఆగి వింటారు. ఈసారి కూడా ట్యాంకర్ల పని నువ్వే తీసుకో.

మన ఊళ్లోనే, దళితుల కోసం పనిచేసిన భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో జగన్ మిత్ర మండలి పెట్టారు. అంటరానివాళ్లంటూ ఊరవతల ఉంచేసిన జనానికి హరికథల ద్వారా నాలుగు మాటలు చెప్పించడంతో మొదలైంది. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడిగా వెళ్లి, ఆ "పంచమ" (నాలుగు వర్ణాలకు అవతలి ఐదోవాళ్లు) అన్న పేరే వద్దన్నారు. ఈ నేల మీద మొదటినుంచీ ఉన్నది మేమే అన్నారు. సభ పేరు ఆది ఆంధ్రగా మారింది. 1931 జనాభా లెక్కలకు నిజాం రాజ్యంలో ఆది హిందువులన్న పేరు చేరింది. మొదలుపెట్టిన పని 25 ఏళ్లు వదల్లేదాయన.

కానీ ఒకటి గుర్తుంచుకో. ఆ అవమానం ఆయన స్వయంగా పడ్డది. లిఫ్ట్ అవమానం నీది కాదు, మీ ఇంట్లో పనిచేసే ఆమెది. వెనక లిఫ్ట్ పాడైన రోజున చెప్పులు చేతిలో పట్టుకుని ఐదు అంతస్తులు ఎక్కుతున్నది ఆమె. ఆమెను అడిగావా? మీటింగ్‌లో ఆమె పేరెత్తితే మిగతా మూడిళ్లలో పని పోతుందేమోనన్న భయం ఆమెకుంటుంది. ముందు అడుగు. పేరు చెప్పొద్దంటే చెప్పకు. "అమ్మా, ఈ గొడవ నాకొద్దు" అంటే, ఆమె పేరు రాకుండా నీ మాటగానే చెప్పు. ఈ విషయంలో తొందరపడితే నిన్ను నేను సమర్థించను.

భయం వేస్తుందన్నావు. వేస్తుంది. నాకూ ట్రే దగ్గరకు వెళ్లేటప్పుడు చాలా రోజులు చేతులు వణికేవి. మాట్లాడే ముందు మంచినీళ్లు తాగు. నీ వాక్యం చెప్పి కూర్చో. ఎవరైనా వెక్కిరిస్తే జవాబివ్వకు, వచ్చే మీటింగ్‌లో మళ్లీ అదే చెప్పు.

ఆదివారం భోజనానికి రా. గోంగూర పప్పు చేస్తాను. అసోసియేషన్ రూల్స్, మొన్నటి మీటింగ్ మినిట్స్ జిరాక్స్ తీయించుకుని తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. మూడో ఫ్లోర్ ఆవిడకు వీలైతే ఆవిడనూ వెంటబెట్టుకు రా.

నీ
అత్తయ్య