ఉద్యోగం లేదని పాపను తీసేసుకోరు: చెక్ కుటుంబ చట్టంతో నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. ప్రాగ్‌లో ఉంటున్నారు, నాలుగేళ్ల పాప, మీ వీసా మీ ఆయన ఉద్యోగం మీద ఉంది. "విడాకులంటే గవర్నమెంటు వాళ్లు పాపను తీసుకుపోతారు, నీకు ఉద్యోగం కూడా లేదు" అని ఆయన అంటున్నారు, ఇక్కడి చట్టం ఏం చెబుతుందో చెప్పమన్నారు. 2021లో బ్ర్నోలో నేనూ ఇదే మాట విన్నాను. నెలల తరబడి కంటి మీద కునుకు లేదు. అందుకే ముందు ఈ ఒక్క ముక్క చెబుతాను: ఆ మాట నిజం కాదమ్మా.

ఇక్కడ రాజ్యాంగంతో సమానమైన హక్కుల పత్రం ఒకటుంది, 'లిస్టినా' అంటారు. 1991లో చెకోస్లోవేకియా ఉన్నప్పుడే వచ్చింది, దేశం రెండయ్యాక చెక్ వాళ్లు దాన్నే ఉంచుకున్నారు. పిల్లల్ని పెంచడం తల్లిదండ్రుల హక్కు, వాళ్ల దగ్గర పెరగడం పిల్లల హక్కు అని దాని 32వ అధికరణలో ఉంది. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా బిడ్డను వేరు చేయాలంటే చట్టం ప్రకారం కోర్టు తీర్పు ఉండాల్సిందే. ఇది చెక్ పౌరులకు మాత్రమే అని ఎక్కడా లేదు, మనకూ వర్తిస్తుంది.

పేదరికం సంగతికొస్తే, సరైన ఇల్లు లేదన్న కారణంతో ఒక చెక్ కుటుంబంలోని ఐదుగురు పిల్లల్ని హోముల్లో పెట్టారు. ఆ తల్లిదండ్రులు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు. కుటుంబ జీవితపు హక్కును ఉల్లంఘించారని 2006లో ఆ కోర్టు తీర్పిచ్చింది. ఇల్లు బాగాలేదనో, డబ్బు లేదనో ఆ ఒక్క కారణంతో బిడ్డను హోముకు పంపకూడదని 2014 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్‌లో స్పష్టంగా రాసి ఉంది. మా లాయరు ఆ సెక్షన్ చూపించిన రోజు ఆఫీసులోనే ఏడ్చేశాను.

ఇక ఓస్పోడ్. పిల్లల రక్షణ చూసే ఆఫీసు ఇది. కోర్టులో సాధారణంగా పాప తరఫున నిలబడేది వాళ్లే, మీ వైపూ కాదు, ఆయన వైపూ కాదు. మా ఇంటికి వస్తున్నారనగానే 2011లో నార్వేలో మన వాళ్ల పిల్లల్ని తీసుకెళ్లిన కేసు గుర్తొచ్చి కాళ్లూ చేతులూ ఆడలేదు. పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోవడం, చేత్తో తినిపించడం కూడా అక్కడ తప్పు పట్టారని ఆ తల్లిదండ్రులు చెప్పారు. మా పాపా నా పక్కనే పడుకుంటుంది, పెరుగన్నం నేనే కలిపి పెడతాను. ఓస్పోడ్ నుంచి వచ్చినావిడ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నేరుగా వచ్చి పాప పక్కన నేల మీద కూర్చుంది. "ఎక్కడ పడుకుంటావు?" అని చెక్‌లో అడిగింది. పాప వెళ్లి నా దిండు మీద చేత్తో తట్టింది. నా ప్రాణం గొంతులోకి వచ్చింది. ఆవిడ నవ్వి ఏదో రాసుకుని నా వైపు తిరిగింది. పాప డాక్టరు ఎవరు, టీకాలు ఎప్పుడు వేయించారు, ష్కోల్కాకి (ఇక్కడి కిండర్‌గార్టెన్) ఎవరు దింపుతారు, అక్కడ స్నేహితులెవరు అని అడిగింది. అన్నిటికీ తడుముకోకుండా చెప్పాను, ఎందుకంటే అవన్నీ చేసేది నేనే. జీతం గురించి ఒక్క ప్రశ్నే వచ్చింది. ఇప్పటిదాకా బిడ్డను ఎవరు సరిగ్గా చూసుకున్నారు, బిడ్డకు ఎవరి దగ్గర చనువుంది అన్నవి కోర్టు తూకం వేయాలని చట్టమే చెబుతోంది. కాబట్టి టీకాల పుస్తకం, ష్కోల్కా కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. విడాకులైనా తల్లిగా మీ హక్కు పోదు, తండ్రిగా ఆయనదీ పోదు. పాప ఖర్చుకు ఆయన ఇవ్వాల్సిన డబ్బు కూడా పాప బతుకు ఆయన స్థాయికి తగ్గట్టు ఉండాలన్న లెక్కతో తేలుస్తారు.

భాష దగ్గర మాత్రం నేను దెబ్బ తిన్నాను. మొదటి వాయిదాకి హిందీ ఇంటర్‌ప్రెటర్ వచ్చారు, నాకు హిందీ అంతంత మాత్రం. ఇండియా అంటే హిందీ అనుకున్నారు. తల ఊపుతూ కూర్చున్నాను, బయటికొచ్చాక సగం అర్థం కాలేదని తెలిసింది. మీరలా చేయకండి. కోర్టు భాష రాకపోతే ఇంటర్‌ప్రెటర్ మీ హక్కు, అదీ లిస్టినాలోనే ఉంది. ఏ భాష కావాలో ముందే రాతపూర్వకంగా చెప్పండి.

మా కాలంలో పిల్లల కేసు ముందు తేలాలి, తర్వాతే విడాకులు. 2026 జనవరి నుంచి రెండూ కలిపి నడుస్తాయి. ఇద్దరూ ఒప్పుకుంటే ఆరు నెలలు విడిగా ఉండాలన్న షరతూ పోయింది.

ఒక్కటి మాత్రం అక్కలా చెబుతున్నా. కోపంలో పాపను తీసుకుని హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కకండి. పాప నివాసం చెక్‌లో ఉంది కాబట్టి ఇక్కడి కోర్టు మీ మీదే తప్పు చూస్తుంది. పిల్లల అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు, అందుకే పాప ఇక తిరిగి రాదేమోనన్న భయం ఇక్కడి చెక్ జడ్జీలకు ఇంకా ఎక్కువ. వెళ్లాలంటే ఆయన రాతపూర్వక అనుమతి తీసుకోండి.

చెక్ విడాకులు ఇండియాలో చెల్లాలంటే కూడా జాగ్రత్త. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటలో భర్త అమెరికాలో తెచ్చుకున్న విడాకుల డిక్రీని 1991లో మన సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. మీరు స్వయంగా హాజరై, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు రికార్డులో ఉండేలా చూసుకోండి.

వీసా సంగతి పిటిషన్ వేయకముందే అడగాలి, తర్వాత కాదు. విదేశీయుల కోసం ఉన్న ఇంటిగ్రేషన్ సెంటర్లలో న్యాయ సలహా ఉచితం. అలాగే ఆయన కంటే ముందు మీరే మీ ఏరియా ఓస్పోడ్‌కి వెళ్లి మాట్లాడండి. సాధారణంగా సోమ, బుధవారాలు జనాన్ని కలుస్తారు. పాపను కూడా తీసుకెళ్లండి, అక్కడ బొమ్మలుంటాయి.