లైసెన్స్ తీసుకుని రసీదు ఇచ్చారు, బండి నడపొచ్చా?
హెల్మెట్ లేదని ఆపి లైసెన్స్ తీసుకున్నారు, రసీదు చాలదా అని అడిగారు కదండీ. అన్ని రసీదులూ చాలవు, చూసుకోకుండా దయచేసి నడపకండి. ముందు రసీదు మీద సెక్షన్ చూడండి. మోటారు వాహనాల చట్టం 206(4) అని ఉంటే అది లైసెన్స్ వాళ్లకు ముట్టినట్టు ఆధారమే తప్ప నడిపేందుకు అనుమతి కాదు. 206(3) రసీదైతే అందులో వేసిన తేదీ వరకు నడపొచ్చు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని ఇరుక్కుంటారు.

చలానా కట్టేస్తే అయిపోయిందనుకోకండి, లైసెన్స్ సస్పెన్షన్ వేరే వ్యవహారం. 206(4) కింద తీసుకున్న లైసెన్స్ దానికోసమే రవాణా శాఖ ఆఫీసుకు వెళ్తుంది. మీ మాట వినకుండా సస్పెండ్ చేయకూడదు కాబట్టి నోటీసులో ఇచ్చిన రోజున రసీదు, చలానా పట్టుకుని తప్పక వెళ్లండి. ఉత్తర్వు అన్యాయమనిపిస్తే అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. సస్పెన్షన్‌లో నడిపి దొరికితే 10,000 రూపాయల జరిమానా, 3 నెలల దాకా జైలు కూడా పడొచ్చు.