సముద్రం పక్క ఊరికి కాపురం మార్చాలా?

ప్రశ్న: మేము పదమూడేళ్లుగా హైదరాబాద్‌లోని నిజాంపేటలో ఉంటున్నాము. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నెలకు నాలుగు రోజులు ఆఫీసుకు వస్తే చాలునని పై అధికారి ఆయనకు చెప్పారు. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి రెండో తరగతి చదువుతున్నారు. మా వారి సొంత ఊరు చీరాల. మామయ్యగారు పోయిన తర్వాత అత్తయ్యగారు అక్కడ ఒంటరిగా ఉంటున్నారు. నిరుడు ఆమె గుండెకు స్టెంటు వేశారు. హైదరాబాద్ వచ్చి మాతో ఉండమంటే ఆమె ఒప్పుకోవడం లేదు. అందుకని నిజాంపేట ఫ్లాటు అమ్మేసి, వాడరేవు దారిలో ఆరు సెంట్ల స్థలం కొని, ఇల్లు కట్టుకుని స్థిరపడదామని మా వారు అంటున్నారు. నా పుట్టిల్లు హనుమకొండ. చీరాల అంటే నాకు అయిష్టం లేదు గాని, పిల్లల చదువు, నా ఉద్యోగం ఏమవుతాయోనని దిగులుగా ఉంది. వద్దంటే అత్తయ్యగారిని చూసుకోవడం ఇష్టం లేక అంటున్నానని అనుకుంటారేమోనని నోరు విప్పలేకపోతున్నాను. పిల్లలను సముద్రం దగ్గరకు పంపాలన్నా భయమే. ఏం చేయమంటారు?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ వారు ఒక్క మాటగా చెబుతున్న దానిలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. అత్తయ్యగారికి దగ్గరగా ఉండటం ఒకటి, సముద్రపు ఒడ్డున ఇల్లు కట్టుకోవడం ఒకటి, హైదరాబాద్‌లోని ఫ్లాటు అమ్ముకోవడం ఇంకొకటి. మొదటిది మంచి ఆలోచన; దానికి మీరు సంతోషంగా ఒప్పుకోవచ్చు. తక్కిన రెండూ ఇప్పుడు చేయవలసినవి కావని నా అభిప్రాయం. ఇలా విడదీసి మాట్లాడితే, స్థలం వద్దన్నందుకు అత్తగారిని వద్దన్నారనే అపార్థం రాదు.

అన్నింటికంటే ముందు అమ్మాయి తరగతి చూడండి. ఎందుకంటే మీ ఇంట్లో గడువు ఉన్న విషయం అదొక్కటే. రెండు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగు, వైద్య విద్య వంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయిస్తారు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండటమే స్థానికతకు ప్రధానమైన కొలత. ఇంటర్ తర్వాత చేరే కోర్సులకైతే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు అన్నమాట. తెలంగాణలో వైద్య విద్య ప్రవేశాలకు సంబంధించి ఈ నాలుగేళ్ల నిబంధన మీద 2024లో మొదలైన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 సెప్టెంబరులో ఆ నిబంధన చెల్లుతుందని కోర్టు తేల్చింది. కాబట్టి అమ్మాయి తొమ్మిది హైదరాబాద్‌లో, పది చీరాలలో చదివితే ఇక్కడా అక్కడా నాలుగేళ్లు నిండక, రెండు రాష్ట్రాల్లోనూ స్థానికేతరురాలిగా మిగిలే ప్రమాదం ఉంది. పదో తరగతి అయ్యాక మారుదామనే వారికి ఈ సంగతి తెలియదు. పది దాటితే అడ్డు తొలగినట్టేనని అనుకుంటారు గాని, అది అన్నింటికంటే చెడ్డ సమయం.

మీకు దీనిలోనే ఒక సౌకర్యం కూడా ఉంది. వచ్చే జూన్‌లో అమ్మాయి ఎనిమిదో తరగతికి వస్తుంది. ఆ ఒక్క సంవత్సరం స్థానికత లెక్కలోకి రాదు. ఎనిమిదో తరగతి చీరాలలో చదివి, ఊరు సరిపడకపోతే తొమ్మిదికి హైదరాబాద్ తిరిగి వచ్చేసినా ఆమెకు నష్టం లేదు. సరిపడితే తొమ్మిది నుంచి అక్కడే కొనసాగి చీరాల ఏ స్థానిక ప్రాంతం కిందికి వస్తుందో ఆ ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిధిలో స్థానికురాలు అవుతుంది. తెలంగాణ ప్రభుత్వోద్యోగాలకు 2018 ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల మధ్య నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు కాబట్టి, ఇక్కడే ఏడు పూర్తి చేస్తున్న అమ్మాయికి ఆ హక్కు నిలుస్తుంది, చీరాలలోనే స్థిరపడిపోతే చిన్నవాడికి నిలవదు. అయితే ఈ ఉత్తర్వులు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి, చేరే ఏడాది అమల్లో ఉన్న నిబంధనలను ఒకసారి చదవండి. తిరిగి వచ్చే వీలు ఉండాలంటే ఇప్పుడు చదువుతున్న బోర్డునే అక్కడా కొనసాగించండి. అబ్బాయి రెండో తరగతే కనుక వాడి చదువు గురించి బెంగ అక్కరలేదు.

అందుచేత వచ్చే జూన్ నుంచి పదకొండు నెలలు చీరాల ఊరిలోనే, అత్తయ్యగారి వీధికి దగ్గరగా ఒక ఇల్లు అద్దెకు తీసుకోండి. నిజాంపేట ఫ్లాటు అద్దెకివ్వండి. అమ్మకండి. ఆ పదకొండు నెలల్లో ఒక నవంబరు, ఒక ఏప్రిల్ మీ ముందుకు వస్తాయి. తీరం సంగతి తెలియాలంటే ఆ రెండూ చూడాలి.

సెలవులకు వెళ్లిన వారికి సముద్రపు ఊరు చల్లగా ఉంటుందనిపిస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఊరు. ఎండ ఎంత కాసినా గాలిలో తేమ తక్కువ కనుక రాత్రికి ఒళ్లు ఆరుతుంది. చీరాలలో మధ్యాహ్నం దాటాక పైరగాలి తిరిగితే హాయిగానే ఉంటుంది గాని, మే నెలలో పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో సముద్రపు గాలి లోపలికి రాలేదు. అప్పుడు ఎండా ఉక్కపోతా కలిసి పిల్లలను, పెద్దవారిని వేధిస్తాయి. ఇక తుపానుల కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ, మే నెలలోనూ వస్తాయి. 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి అత్తయ్యగారిని అడగండి. ఆ తరం వారు చెప్పేది వింటే ఒడ్డున ఇల్లు కట్టాలన్న తొందర కొంత తగ్గుతుంది. ఇప్పుడు హెచ్చరికలు ముందే వస్తున్నాయి, ప్రాణనష్టం బాగా తగ్గింది. కాని తుపాను తర్వాత కరెంటు, ఇంటర్నెట్టు కొన్ని రోజులు లేకపోతే మీ వారి ఉద్యోగం ఎలా సాగుతుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఆ ఆరు సెంట్ల సంగతికి వస్తాను. చీరాల ఊరు సముద్రాన్ని ఆనుకుని లేదు. వాడరేవు ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ దూరం మీకు మేలు చేసేది. ఉప్పు గాలి ప్రభావం ఒడ్డున ఎక్కువగా ఉండి, లోపలికి వచ్చేకొద్దీ వేగంగా తగ్గుతుంది. నేను కొంతకాలం సముద్రానికి అర కిలోమీటరు దూరంలో అద్దెకు ఉన్నాను. మూడో ఏడు వచ్చేసరికి కిటికీ చువ్వలు పొరలు పొరలుగా రాలాయి, పైకప్పు పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డాయి. ఇంటివారు చేసిన తప్పు పెద్దదేమీ కాదు, దగ్గరలో దొరికిందని ఉప్పు ఇసుక కలిపి కట్టించారు. ఎప్పటికైనా అక్కడ ఇల్లు కడితే నది ఇసుకే వాడాలి, కడ్డీ చుట్టూ కాంక్రీటు మందంగా ఉండాలి, కిటికీలకు ఇనుము పెట్టకూడదు. ఖర్చు లెక్క వేసేటప్పుడు ఇవన్నీ కలపండి.

నీటి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ తీరపు ఇసుక నేలల్లో వాన నీరు ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచని మంచినీటి పొరగా నిలుస్తుంది. అక్కడి రైతులు లోతుగా బోరు వేయకుండా ఇసుకలో దొరువులు తవ్వుకుని ఆ పై పొర నీటినే తోడుకుంటూ వచ్చారు. ఎంత తెలివైన పద్ధతో చూడండి! ఇప్పుడు ఒడ్డు వెంబడి మోటార్లతో లోతు నుంచి లాగేకొద్దీ ఉప్పు పైకి వస్తుంది. అమ్మేవారు బోరు నీరు తియ్యగా ఉందంటే వానాకాలంలో రుచి చూసి నమ్మకండి. ఏప్రిల్ చివర ఎండలు ముదిరాక పరీక్ష చేయించండి. అది కూడా అద్దెకు ఉంటూ చూడవలసిన పనే.

కాగితాల విషయం మీ వారు చూస్తారని వదిలేయకండి. పోటు హద్దు నుంచి ఎంత దూరం వరకు కట్టడాలు నిషిద్ధమో తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు చెబుతాయి. 2019 నోటిఫికేషను ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రత ఎక్కువ ఉన్నచోట 50 మీటర్లు, తక్కువ ఉన్నచోట 200 మీటర్లు. స్థలం దానికి బయటే ఉండవచ్చు, కాని అంతటితో సరిపోదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి పట్టా భూములను ప్లాట్లు చేసి అమ్మడం కొత్త కాదు. అటువంటి భూముల బదిలీని 1977 నాటి చట్టం నియంత్రిస్తుంది. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితాలో, ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చూసుకోండి, ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ కనీసం ముప్పై ఏళ్లది తీయించండి.

అత్తయ్యగారి ఆరోగ్యం కోసమే వెళ్తున్నప్పుడు ఆస్పత్రి లెక్క ఇంట్లో స్పష్టంగా ఉండాలి. ఛాతీ నొప్పి వస్తే మొదట ఏ ఆస్పత్రికి, అక్కడి నుంచి గుంటూరుకా ఒంగోలుకా, రాత్రి రెండింటికి కారు ఎవరు నడుపుతారు? మీ వారు నెలకు నాలుగు రోజులు హైదరాబాద్‌లో ఉంటారు. ప్రయాణాలు కలిపితే ఆరు రోజులు అనుకోండి. ఆ ఆరు రాత్రులు స్టెంటు వేసిన పెద్దావిడ, ఇద్దరు పిల్లలు మీ ఒక్కరి మీదే ఉంటారు. ఈ మాట మీరు అడగడం స్వార్థం కాదు. నిజానికి ఆమెను గురించి మీ ఇంట్లో మరింత లోతుగా ఆలోచించినట్లు. మీరు కారు నడపడం నేర్చుకోవడం, పగలు తోడుకు ఒక మనిషిని పెట్టుకోవడం, మీ ఆడపడుచులు గాని మరుదులు గాని ఉంటే వారి వంతు ఏమిటో అనుకోవడం ముందే జరగాలి.

మీ ఉద్యోగం గురించి మీరు ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. పదమూడేళ్ల కాపురంలో మీ జీతంతో కూడా ఆ ఫ్లాటు వాయిదాలు కట్టి ఉంటారు. చీరాల, బాపట్లలలో పాఠశాలలకు, కళాశాలలకు లోటు లేదు. గణితం చెప్పేవారు ఎక్కడైనా కావాలి. జీతం తగ్గవచ్చు, కాని పని మాత్రం మానకండి. నియామకాలు ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి కాబట్టి, ఇక్కడ రాజీనామా ఇవ్వకముందే అక్కడ ఇంటర్వ్యూలకు వెళ్లిరండి. అలాగే మీ వారు పై అధికారి నోటిమాటను నమ్మి కదలకూడదు. పనిచేసే చోటు చీరాల అని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. కోవిడ్ తర్వాత ఆఫీసులు వెనక్కి పిలిచినప్పుడు ఎందరో సొంతూళ్ల నుంచి హడావిడిగా తిరిగి రావలసి వచ్చింది. ఫ్లాటు ఉంచుకోమన్నది అందుకే.

హనుమకొండ దూరమవుతుందన్న మాట మీరు రాయలేదు గాని, అది మనసులో ఉండే ఉంటుంది. ఏడాదికి ఎన్నిసార్లు, ఏయే పండుగలకు వెళ్లాలో ముందే మాట అనుకోండి. రైలు టికెట్లు 60 రోజుల ముందే తీసుకోండి.

పిల్లల విషయంలో మీ భయం సరైనదే. ఆ తీరంలో వాడరేవు, రామాపురం, సూర్యలంక చూడటానికి నిదానంగా ఉంటాయి. ప్రాణాలు పోయేది ఎక్కువగా లోపలికి లాగే పాయల్లో. ఇరుపక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీరు నల్లగా, కదలిక లేనట్లు కనిపిస్తే పిల్లలు అక్కడే దిగుతారు, అదే లాగే చోటు. దానిలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలని ఇద్దరికీ నేర్పండి. వెళ్లగానే అక్కడి మత్స్యకారులను ఒకరిని అడిగి, ఏ నెలల్లో ఎక్కడ దిగకూడదో పిల్లల ఎదుటే చెప్పించుకోండి. ఈత వచ్చేదాకా మోకాలి లోతు దాటనివ్వకండి. పెద్దవారు నీటిలో పక్కన ఉంటేనే ఆ మాత్రమైనా.