గుణుపురం వైపు కొండ దారులకు పాత స్ప్లెండరా, కొత్త బీఎస్-6 బండా?

ఒడిశాలోని గుణుపురం నుంచి కొండ ఊళ్లకు రోజూ తిరిగే పని, కొత్త ఎఫ్‌ఐ (కరెంటుతో పనిచేసే ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే) బండి కొనాలా, ఆంధ్రాలోని పాతపట్నంలో బేరానికి వచ్చిన కార్బొరేటర్ (కరెంటు లేకుండానే పెట్రోలును గాలిలో కలిపే పాత పద్ధతి) స్ప్లెండర్ తీసుకోవాలా అని అడిగారు. మీ పనికి పాతదే మేలు. ధర చూసి చెప్పడం లేదు, దారిలో ఆగిపోతే ఏమవుతుందో చూసి చెబుతున్నాను.

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) ఎఫ్‌ఐ బళ్లలో పెట్రోలు పంపు కరెంటుతో నడుస్తుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే సాధారణంగా పంపు తిరగదు, కిక్కు ఎంత కొట్టినా లాభం ఉండదు. కొట్లో సీసాల్లో అమ్మే పెట్రోలు పోస్తే అందులోని నలక పంపు ఫిల్టర్‌నీ ఇంజెక్టర్‌నీ పట్టేస్తుంది. మీటరులో చెక్ లైటు వెలిగి బండి ఆగిపోయిందంటే, లోపం చదివే స్కానర్ ఉన్న షాపు దాకా బండిని ఆటోలో వేసుకుని పోవాలి. టౌనులోనే తిరిగేవాళ్లకైతే ఈ గొడవ లేదు, వాళ్లు కొత్తదే కొనుక్కోవచ్చు.

పాత బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచొద్దని చెప్పండి. చల్లటి ఇంజన్ చోక్ వేసి రెండు మూడు కిక్కులకు లేవాలి. తర్వాత ఇంజన్ ఆపి, బ్యాటరీ వైరు ఊడదీసి మళ్లీ కిక్కు కొట్టండి. ఏసీ సీడీఐ (ప్లగ్గు నిప్పురవ్వకు కరెంటును బ్యాటరీ నుంచి కాక, తిరిగే ఇంజన్ నుంచే తీసుకునే ఏర్పాటు) ఉన్న మోడల్ అయితే బ్యాటరీ లేకుండానే స్టార్ట్ అవుతుంది, మీకు కావలసింది అదే. లేచాక రేజ్ చేయకుండా ఆపేయండి, లేకపోతే బల్బులు పోతాయి. ఇక ఘాటీలో నడిపి చూడండి. దిగుతూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, కింద మళ్లీ ఇచ్చినప్పుడు ఒక్కసారి నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు పోయినట్టు, చిన్న ఖర్చే. ఎక్కుతున్నంతసేపూ పొగ కొడితే రింగులు, బోర్ అరిగినట్టు. ఆ బండి ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

కొన్నాక మొదటి పని రబ్బర్లు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత బండి రబ్బర్లు దానికోసం చేసినవి కావు. పెట్రోలు పైపు, కార్బొరేటర్ బౌల్ (అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) ఓరింగు, ఆ బౌల్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ ముందే మార్పించండి. నీడిల్ సరిగా కూర్చోకపోతే ఓవర్‌ఫ్లో అయి, బండి నిలబెట్టిన చోట పెట్రోలు కారుతుంది.

ఇంకో చిక్కు నీళ్లు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, లోపల చేరిన నీరు ఎక్కువయ్యాక ఇథనాల్‌తో కలిసి అడుక్కు దిగి నేరుగా కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి)లోకి వస్తుంది. బండి మిస్సింగ్ కొడుతుంది, ప్లగ్గు మాత్రం బాగానే ఉంటుంది! కాక్ కట్టేసి, బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరే. ట్యాంకు కూడా ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయాలి. వానల్లో ట్యాంకు నిండుగా ఉంచండి, నెల దాటి బండి తీయకపోతే బౌల్ ఖాళీ చేసి పెట్టండి.

ఇథనాల్‌తో మిక్స్చర్ కొంచెం పల్చబడుతుంది, అంటే గాలితో పోలిస్తే ఇంధనం తక్కువవుతుంది కాబట్టి ప్లగ్గు మూతి చూస్తుండండి. లేత గోధుమ రంగు ఉంటే సరి. తెల్లగా ఉంటే జెట్ నీడిల్ (కార్బొరేటర్‌లో జెట్టు అనే పెట్రోలు బెజ్జంలో ఆడే సూది) క్లిప్పును ఒక గాడి కిందికి దించాలి, అప్పుడు నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ప్లగ్గు గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. జెట్టులో నలక ఉంటే గాలి కొట్టించాలి గానీ గుండుసూది పెట్టి పొడవొద్దు. ఇత్తడి బెజ్జం రవ్వంత పెద్దదైనా మైలేజీ పోతుంది.

ఆయిల్ ముప్పావు లీటరు పోసి, ఆపైన డిప్‌స్టిక్ చూసుకుంటూ కలపండి. డిప్‌స్టిక్‌ను మరలో బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి.

కాగితాల దగ్గర తొందరపడొద్దు. ఆంధ్రా నంబరు బండిని పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచితే ఇక్కడి నంబరు వేయించాలి. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇక్కడ మళ్లీ టాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కూడా కలిపి బేరమాడండి. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత కూడా నడపాలంటే ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించాలి. కనీసం మూడు నాలుగేళ్లు మిగిలిన బండే చూడండి. ఎన్‌ఓసీ చేతికొచ్చే దాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.