డ్రోనుకు ముక్కు ఉండదు

పర్లాకిమిడి

చిరంజీవి చిట్టికి మామయ్య ఆశీస్సులు.

రాయగడలో పోలీసు డ్రోన్ నడిపే ఉద్యోగం నీకు వచ్చిందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "ఆడపిల్లకు ఆ కొండల్లో పోలీసుల వెంట తిరిగే పని ఏమిటి, నువ్వైనా చెప్పు అన్నయ్యా" అని ఏడ్చింది. చెబుతానన్నాను. కానీ నేను చెప్పబోయేది ఆమె అడిగింది కాదు. నువ్వు వెళ్లాలి. మన కుటుంబంలో ఠాణా మెట్లెక్కి జీతం తీసుకున్నది నేనొక్కడినే, అదీ తుపాకీ పట్టుకుని కాదు, వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని. నా తరవాత నువ్వే. ఈ సంగతి పొద్దున మా వీధిలో పాలు పోసే అతనికి కూడా చెప్పాను. అతను అడగలేదు.

నీకు తెలిసినవి తొందరగా చెప్పేస్తాను. రెక్కలు చూసుకో, బ్యాటరీ చూసుకో. తుంపర పడుతుంటే ఎగరేయకు, పక్కన ఎంత పెద్ద అధికారి నిలబడి తొందరపెట్టినా సరే. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ అనుమతి కావాలో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎక్కడెక్కడున్నాయో బయలుదేరే ముందే చూడు. ఆకుపచ్చలో 400 అడుగుల వరకే అని నాకంటే నీకే బాగా తెలుసు. నీ పైలట్ సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుందట. ఎగరేయకుండా కూర్చుంటే చేతి అలవాటు పది వారాలు కూడా ఆగదు.

నీ శిక్షణ మైదానంలో జరిగింది కాబట్టి కొండల సంగతి చెప్పి ఉండకపోవచ్చు. తెర మీద కనిపించే ఎత్తు నువ్వు ఎగరేసిన చోటి నుంచి కొలిచింది. కొండ పాదం నుంచి లేపి, తిరిగొచ్చే ఎత్తు 100 మీటర్లని పెట్టావనుకో. మధ్యలో 150 మీటర్ల మెట్ట ఉంటే, సిగ్నల్ తెగగానే అది బుద్ధిగా 100 మీటర్లకు లేచి తిన్నగా ఆ మెట్టకే కొట్టుకుంటుంది. అడ్డం కనిపెట్టే కెమెరాలు కొన్నిటికి ఉన్నా చీకట్లో వాటిని నమ్ముకోలేం. రేడియో తరంగానికి కొండంటే ఇప్పటికీ భయమే. మా రోజుల్లో కొండ చాటు ఠాణా నేరుగా పలికేది కాదు, మధ్యలో ఇంకో ఠాణా చేత చెప్పించేవాళ్లం. మహేంద్రగిరి 1501 మీటర్లు. దాని చుట్టుపక్కల చిన్నచిన్న మెట్టలు కూడా పెద్దన్నను చూసి పొగరు నేర్చుకున్నవే. వేడిని చూపే కెమెరాను కూడా చూడగానే నమ్మకు. ఎండకు కాగిన బండ పొద్దు గూకాక చాలాసేపు తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. గుబురు చెట్ల కింద నిలబడ్డ మనిషేమో కనబడడు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు మొదట అప్పగించే పని గంజాయి తోటలు వెతకడమే అయి ఉంటుంది. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, ఎటు పంపినా అదే. అందుకే ఒక పాత కథ చెబుతాను, ఓపికగా చదువు.

తొంభైల్లో మాట. ఏ ఠాణానో రాయను, ఆ అధికారి పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. దసరాకు ముందు ఒక సాయంత్రం ఒకడు వచ్చి, ఫలానా సవర పల్లె వెనక వాలులో గంజాయి తోట ఉందని చెప్పాడు. అధికారి కొత్తవాడు, చురుకైనవాడు. ఎదుటి కొండెక్కి దూరదర్శినిలో చూశాడు. మనిషెత్తు మొక్కలు, వేళ్లు చాచినట్టున్న ఆకులు. దిగి వచ్చి, బలగం కావాలని నా చేత జిల్లా కేంద్రానికి వైర్‌లెస్‌లో చెప్పించాడు. తెల్లవారకముందే వ్యాను వచ్చింది. అందులో దిగిన కుర్రాళ్లలో ఒక్కడికీ ఈ కొండల పంటలు తెలియవు. నరకమన్నారు, నరికారు. ఎండెక్కేసరికి వాలంతా నేలమట్టమైంది.

అప్పుడొచ్చాడు ఆ పొలం మనిషి. అరవలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. పడి ఉన్న కాడనొకదాన్ని తీసుకుని, బెరడు చీల్చి, నార లాగి అధికారి చేతికిచ్చాడు. గోగు! ఏటిలో ఊరబెట్టి, నార తీసి, సంతలో అమ్ముకునే గోగు. ఇంకో పది రోజులాగితే లేత పసుపు పువ్వు విచ్చేది, ఎంత దూరం నుంచైనా తెలిసిపోయేది. దగ్గరికెళ్తే పువ్వు కూడా అక్కర్లేదు. గంజాయి ఆకు రేకులు తొడిమ దగ్గర దేనికది విడిగా ఉంటాయి, అంచున రంపపు పళ్లుంటాయి. గోగాకు చీలికలు మొదట్లో కలిసే ఉంటాయి. అదీ తెలియకపోతే వాసన ఉంది. గంజాయి తోటలో అడుగుపెడితే ముక్కే చెబుతుంది. సమాచారమిచ్చినవాడికి ఆ రైతుతో గట్టు తగాదా ఉందని తరవాత తెలిసింది.

నన్ను కుదిపేసింది ఆ పైన జరిగింది. నా లాగ్‌బుక్కులో బలగం అడిగిన పద్దు ఉంది, బలగం తిరిగి వెళ్లిన పద్దు ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఠాణా డైరీలోనూ లేదు. రాయనిది జరగనట్టే లెక్క కాబట్టి ఆ మనిషికి పైసా రాలేదు. మరుసటి ఏడు ఆ పల్లె మీదుగానే నిజం గంజాయి మూటలు దాటిపోయాయి. ఒక్కరూ మాకు చెప్పలేదు. ఎందుకు చెబుతారు?

సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ఒక రాత్రంతా ఉంది చూశావా, ఆ రాత్రిలో ఎవరైనా "ఒకసారి మనిషిని పంపి ఆకు తెప్పిద్దాం సార్" అనడానికి కావలసినంత వ్యవధి ఉంది. నీకు ఆ రాత్రి ఉండదు. నువ్వు డ్రోన్ లేపగానే ఆ బొమ్మ కంట్రోల్ రూములో పెద్ద తెర మీద పడుతుంది. నలుగురు అధికారులు ఒకేసారి చూస్తారు, పది నిమిషాల్లో జీపు కదులుతుంది. అంత స్పష్టంగా రంగుల్లో కనిపిస్తుంటే సందేహించడం ఎవరికైనా మొహమాటమే. ఆ మొహమాటం నువ్వు పడకూడదు. డ్రోనుకు ముక్కు ఉండదు. నీ పుస్తకంలో "గంజాయి తోట కనిపించింది" అని రాయకు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంత ఎత్తు నుంచి, ఎలాంటి మొక్కలు కనిపించాయో అంతే రాయి. ఏ పంటో నేల మీద నిలబడ్డవాడు చెప్పాలి. గంజాయి సాగుకు చట్టంలో పదేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది, గుర్తుపెట్టుకో. అధికారి విసుక్కుంటాడు. విసుక్కోనీ. "తెలియదు సార్, దగ్గరికెళ్లి చూడాలి" అన్నందుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు. పోతే ఇంటికి రా, మీ అత్తయ్య వండి పెడుతుంది.

యంత్రమంటే నాకు గిట్టదని అనుకోకు. 2018లో తిత్లీ తుఫానుకు మన జిల్లాలో కొండచరియలు విరిగి దారులు తెగినప్పుడు, పైనుంచి చూసే కన్ను ప్రతి ఠాణాకూ ఒకటి ఉంటే బాగుండునని నేనే అనుకున్నాను. అమెరికాలో చూలా విస్టా అనే ఊరి పోలీసులు ఆ ఏడాదే మొదలుపెట్టారట, సాయం కోసం ఫోన్ రాగానే జీపు కంటే ముందు డ్రోన్ వెళ్లడం. ఒకడు తుపాకీ ఊపుతున్నాడని ఫోన్ వస్తే, పైనుంచి చూసినవాళ్లు అది సిగరెట్ లైటరని ముందే చెప్పారని చదివాను. చూడు, డ్రోన్ సరిగ్గా వాడితే తప్పు జరక్కుండా ఆపుతుంది కూడా! అదే దేశంలో బాల్టిమోర్ పోలీసులు విమానాలతో ఊరంతటినీ పగలంతా చిత్రిస్తే, అది రాజ్యాంగానికి విరుద్ధమని 2021లో అక్కడి అప్పీలు కోర్టు అంది. మన సుప్రీంకోర్టు కూడా 2017లో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ తీర్పు పల్లెలో ఎలా ఉంటుందో ఆడపిల్లవు, నీకు నేను చెప్పనక్కర్లేదు. తడికల చాటున స్నానం చేసేవాళ్లకు పక్కన అడ్డం ఉంటుంది, పైన ఉండదు. ఏటి రేవు మీదుగా, పెరళ్ల మీదుగా పోవలసి వస్తే కెమెరా ముఖం ఎత్తి దూరపు కొండ వైపు తిప్పు. వెనక నిలబడ్డ కుర్ర కానిస్టేబులు నవ్వి "కిందికి తిప్పండి మేడమ్" అంటే, వాడి పేరు కూడా పుస్తకంలో రాయి.

వీడియోలు ఎవరికీ వాట్సాప్‌లో పంపకు, నాకు కూడా. వీడియో ఉన్న అసలు మెమరీ కార్డు ముద్ర వేయించి అప్పగించి, చేతికి రసీదు తీసుకో. 2024 జులై నుంచి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ కింద, ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం అడుగుతారు. ఆ కాగితం లేకపోతే నీ కష్టమంతా కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

కొరాపుట్ వైపు పంపితే సరిహద్దు జాగ్రత్త. ఒడిశాకూ ఆంధ్రాకూ మధ్య కొటియా పల్లెల తగువు 1968లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఇంకా తెగలేదు. గాలిలో సరిహద్దు రాయి కనబడదు. డ్రోన్ ఆంధ్రా వైపు దాటిందనిపిస్తే వెంటనే కంట్రోల్ రూముకు చెప్పు, దాచకు.

ఇక నా సొంత భయాలు. ఉబ్బిన బ్యాటరీని ఆశపడి వాడకు. ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోకు, అదీ నువ్వు పడుకునే గదిలో అసలే వద్దు. ఘాట్ రోడ్డులో రాత్రి ప్రయాణం చేయమంటే, పగలైతే వస్తానని చెప్పు. నీ డ్యూటీ వారానికి ఒకసారి ఇంటికి తెలియజేయి, ఊరి పేరు చెప్పకపోయినా తిరిగొచ్చే వేళ చెప్పు. మీ అమ్మ ఊరికే ఏడవలేదు. 2006 మార్చిలో ఆర్.ఉదయగిరి ఠాణా మీద, జైలు మీద మావోయిస్టులు దాడి చేసిన రోజున నేను ఇంకో చోట డ్యూటీలో ఉన్నాను. నా సంగతి తెలిసేదాకా అది ఫోన్ దగ్గర నుంచి లేవలేదు, పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అప్పటి నుంచీ ఖాకీ అంటే దానికి ఆ రోజే. దాన్ని కసురుకోకు. మొదటి జీతంతో దానికేమీ కొనక్కర్లేదు, రోజూ రాత్రి ఒక ఫోన్ చెయ్యి.

గోగాకునూ గంజాయి ఆకునూ పోల్చి ఒక కాగితం మీద గీశాను, కవరులో ఉంది. బొమ్మ బాగా లేదని మీ అత్తయ్య నవ్వింది. గోగు కాడ మీద సన్నటి ముళ్లు నాకు గీయడం రాలేదు. వచ్చే సంతలో ఎవరినైనా అడిగి ఒక కాడ చేత్తో తడిమి చూడు.

ఆశీస్సులతో,
మీ పెద్ద మామయ్య