టెక్ సందేహాలు: పాత రాతి రంపం కొనే ముందు షాఫ్టు తిప్పి చూడండి

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలను ఈసారి పక్కన పెడుతున్నాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి కొన్ని వారాలుగా ఒకే యంత్రం గురించి ఉత్తరాలు వస్తున్నాయి. రాళ్లను పలకలుగా కోసే స్లాబ్ సా అది. తూర్పు కనుమల పాదాల దగ్గర పుట్టి పెరిగినవారికి రాయి లోపల ఏముందో చూడాలనిపించడంలో వింత లేదు. గార్నెట్లనే ఎర్రని పలుకులు పొదిగిన ఖొండలైటు రాయి మన కొండల్లో అడుగడుగునా కనిపిస్తుంది. చీపురుపల్లి వైపు కోడూరు మాంగనీసు గనుల పేరు మీదుగానే భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఒక రాయికి కోడూరైట్ అని పేరు పెట్టారు. ఇలాంటి రాళ్ల మీద మక్కువ పెంచుకున్నవారి ప్రశ్నలకు జవాబులు రాయడం నాకు ఎంతో ఇష్టమైన పని.

విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: "అమెరికా నుంచి తెచ్చుకున్న 14 అంగుళాల పాత స్లాబ్ సాను ఒకరు అమ్ముతున్నారు. బ్లేడు కొత్తదట. మోటారు 110 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే చాలంటున్నారు. తీసుకోవచ్చా?"

మాస్టారూ, బ్లేడు కొత్తదన్న మాటకు బేరంలో విలువ ఇవ్వకండి. బ్లేడు అరిగిపోయే సరుకు, ఎంత మంచిదైనా ఒకనాటికి మార్చాల్సిందే. మీరు నిజంగా కొంటున్నది యంత్రంలోని తిన్నదనాన్ని. బ్లేడును మోసే షాఫ్టు వంకర లేకుండా తిరగాలి. రాయిని పట్టుకున్న వైస్ బ్లేడుకు సమాంతరంగా జరగాలి. ఈ రెండూ బాగుంటే పెట్టె తుప్పు పట్టి ఉన్నా కొనవచ్చు. ఈ రెండింటిలో ఏది చెడినా, రంగు వేసి మెరిపించిన యంత్రమైనా వద్దు.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. కొన్నేళ్ల క్రితం నేను మెరిసే బ్లేడును చూసి ఒక రంపం కొన్నాను. మొదటి నెలలోనే బ్లేడు మూకుడులా వంగింది. రెండోది తెచ్చి బిగిస్తే అదీ అంతే. మూడోది బిగించే ముందు లేత్ షెడ్డు మేస్త్రి, సన్నని తేడానూ ముల్లుతో చూపే డయల్ గేజి పెట్టి చూపిస్తే గాని వైస్ ఏటవాలుగా నడుస్తోందని తెలియలేదు. రెండు బ్లేడ్ల ఖరీదులో ఆ మేస్త్రి తీసుకున్న కూలి పదో వంతు కూడా లేదు. అందుకే కొనడానికి వెళ్లేటప్పుడు తెలిసిన ఫిట్టరునో, లేత్ పనివారినో వెంట తీసుకువెళ్లండి.

అక్కడ ముందుగా ప్లగ్ తీయించి, బెల్టు వదులు చేయించి, షాఫ్టును చేత్తో తిప్పండి. గరగరమని శబ్దం వచ్చినా, చేతికి గరుకుగా తగిలినా బేరింగులు పోయినట్టు. అవి మార్చుకోవచ్చు, ధరలో తగ్గించి అడగండి. తర్వాత షాఫ్టును అటూ ఇటూ లాగి నెట్టి చూడండి, కదలిక తెలియకూడదు. బ్లేడు తీయించి, దాన్ని బిగించే ఫ్లాంజి ముఖానికి డయల్ గేజి ఆనించి షాఫ్టును ఒక చుట్టు తిప్పితే ముల్లు 0.05 మిల్లీమీటరుకు మించి ఆడకూడదు. అంతకంటే ఆడితే షాఫ్టో ఫ్లాంజో వంగినట్టే.

సమాంతరం చూడటానికి ఇంకా తేలిక దారి ఉంది. బ్లేడు బిగించి దాని అంచు దగ్గర సుద్దతో ఒక చుక్క పెట్టండి. వైస్‌లో ఒక బోల్టును బిగించి, దాని కొన ఆ చుక్కకు తగిలీ తగలనట్టు ఉంచండి. ఇప్పుడు వైస్‌ను బ్లేడు వెనక అంచు దాకా జరిపి, బ్లేడును తిప్పి అదే చుక్కను అక్కడికి తెండి. చుక్క మారకూడదు, మారిస్తే బ్లేడులోని వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది. రెండు చోట్లా సందు ఒకేలా ఉండాలి. సాధారణ జెరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ముందు వైపు కాగితం బిగువుగా దూరి, వెనక వైపు రెండు కాగితాలు వదులుగా దూరాయంటే వైస్ దారి తప్పింది. కొన్ని యంత్రాల్లో నట్లు వదులు చేసి సరిచేసే వీలుంటుంది. ఆ వీలు లేకుండా వెల్డింగు చేసిన చట్రమైతే వదిలేయండి.

రాయిని ముందుకు నడిపే మర సంగతీ చూడాలి. పొడవాటి స్క్రూ మీద కొరికి పట్టుకునే సగం నట్టు అరిగితే, గట్టి రాయి తగలగానే జారిపోతుంది. ఖాళీగా నడిపితే బాగానే కనిపిస్తుంది కనుక, వైస్‌ను చేత్తో కాస్త వెనక్కి ఆపుతూ నడిపించి చూడండి. ఈ పరీక్షకు కూడా బ్లేడు తీసేసి ఉండాలి.

వేగం కొలవడానికి మీ ఫోను చాలు. బ్లేడు మీద సుద్ద గీత గీసి, మూత పైకి ఉన్నప్పుడు దూరంగా నిలబడి సెకనుకు 240 ఫ్రేములతో స్లో మోషన్ వీడియో తీయండి. గీత ఒక చుట్టు తిరగడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కించి, 240ని ఆ సంఖ్యతో భాగించి 60తో గుణిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. 20 ఫ్రేములు పట్టిందంటే 720 చుట్లు. 14 అంగుళాల బ్లేడు చుట్టుకొలత దాదాపు 3.67 అడుగులు కనుక, అంచు వేగం నిమిషానికి 2,640 అడుగులు. పలుగురాయి, అగేట్ వంటి గట్టి రాళ్లకు 2,000 నుంచి 3,000 అడుగుల మధ్య వేగం సరిపోతుంది.

ఇక కరెంటు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి మోటారు ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. బ్లేడుకు దాని వల్ల పెద్ద ఇబ్బంది లేదు. మోటారులోని ఇనుము మాత్రం లెక్కకు మించిన అయస్కాంత ప్రవాహాన్ని మోయాల్సివచ్చి వేడెక్కుతుంది. ఒక్కో కోత గంట దాకా సాగే యంత్రంలో ఆ వేడి వైండింగును కాల్చేస్తుంది. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీద డబ్బు పెట్టకుండా 230 వోల్టుల కెపాసిటర్ స్టార్ట్ మోటారు వేయించండి. 14 అంగుళాల రంపానికి అర హార్స్‌పవర్ సరిపోతుంది. ఇక్కడి మోటారు షాఫ్టు మందం మిల్లీమీటర్లలో ఉంటుంది గనక పాత పుల్లీ రంధ్రం కుదరదు. లేత్ మీద బుష్ చేయించాలి, లేదా పుల్లీ మార్చాలి. మోటారుకు 2 అంగుళాల పుల్లీ, షాఫ్టుకు 4 అంగుళాల పుల్లీ పెడితే 1,440 చుట్లు 720కి దిగుతాయి.

బేరమాడేటప్పుడు కొత్త బ్లేడు, మోటారు, బేరింగులు, నూనె ఖర్చు కలిపి, అడిగిన ధరలోంచి తీసేసి మాట్లాడండి. కొత్తదంటున్న ఆ బ్లేడు నిజంగా బాగుంటే మీ అదృష్టం.

పలాస నుంచి: "2018లో తిత్లీ తుపాను నాడు షెడ్డులోకి నీళ్లు వచ్చినప్పటి నుంచి మూలపడిన రంపం ఒకటి తక్కువ ధరకు వస్తోంది. ఆన్ చేసి చూడవచ్చా?"

ఆన్ చేయకండి. నీట మునిగిన మోటారులో తడి, ఉప్పు మిగిలి ఉంటే ప్లగ్ పెట్టగానే పెట్టె అంతటికీ కరెంటు పారవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెట్టించండి. వైండింగుకు, బాడీకి మధ్య కనీసం 1 మెగాఓమ్ రాకపోతే ఆ మోటారును లెక్కలోంచి తీసేయండి. సముద్రపు గాలి తగిలిన షెడ్డు కనుక వైస్ నడిచే కడ్డీల మీద గుంటలు పడ్డాయేమో వేలితో తడిమి చూడండి. పైపై తుప్పు ఎమరీ కాగితంతో పోతుంది, గుంటలు పోవు. ఎప్పుడు వాడినా ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. మీ వైపు సాయంత్రాలు వోల్టేజీ 180కి పడిపోతుంటే మోటారు బలం 40 శాతం దాకా తగ్గుతుంది. అలాంటి వేళ రాయి కోయవద్దు, బ్లేడు ఇరుక్కుంటుంది.

టెక్కలి నుంచి గ్రానైట్ యూనిట్‌లో పనిచేసే పాఠకుడు: "మా దగ్గర 350 మిల్లీమీటర్ల పాత గ్రానైట్ బ్లేడ్లు ఉన్నాయి. వాటిని స్లాబ్ సాకు బిగించి, నూనె బదులు నీళ్లతో కోయవచ్చా?"

బిగించడం సాధ్యమే, చేయకపోవడం మంచిది. గ్రానైట్ బ్లేడు అంచు ముక్కలు ముక్కలుగా, మధ్య సందులతో ఉంటుంది. పెద్ద బండకు అది చక్కగా పనిచేస్తుంది. గుప్పెడంత రాయికి ఆ సందులు తగిలిన ప్రతిసారీ దెబ్బ పడి రాయి పగులుతుంది. పైగా అది తినేసే రాయి సుమారు 3 మిల్లీమీటర్లు, రత్నపు రాళ్ల పలుచని బ్లేడు తినేది 2 లోపే. రంధ్రం సైజు తేడాను బుష్‌తో సర్దినా ఆ నష్టం తీరదు.

నీళ్ల సంగతికి వస్తే, పలుచని బ్లేడ్లు చాలావరకు నూనెలో నడవడానికే తయారవుతాయి. నీటిలో త్వరగా అరుగుతాయి, షాఫ్టూ కడ్డీలూ తుప్పు పడతాయి. నీళ్లే వాడాల్సివస్తే తుప్పు పట్టనివ్వని ద్రవం కలిపి, ప్రతి సాయంత్రం తొట్టి ఖాళీ చేసి తుడవాలి. నూనెకు లైట్ లిక్విడ్ పారఫిన్ పేరుతో దొరికే రంగూ వాసనా లేని ఖనిజ తైలం మంచిది. బ్లేడు అంచు అర అంగుళం, మహా అయితే ముప్పావు అంగుళం మునిగితే చాలు. చౌకగా వస్తుందని డీజిల్ గాని, కిరోసిన్ గాని పోయకండి. 35 డిగ్రీలు దాటితే వాటి నుంచి అంటుకునే ఆవిరి రావచ్చు. మన వేసవిలో రేకుల షెడ్డు అంతకంటే వేడిగా ఉంటుంది, పక్కనే మోటారు నిప్పురవ్వ ఉంటుంది.

బండల మధ్య పనిచేసే మీకు ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. పొడిగా ఒక్క కోత కూడా కోయకండి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తే దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. తొట్టిలో మిగిలిన బురదను ఎండనిచ్చి ఊడ్చకుండా తడిగానే ఎత్తి సంచిలో కట్టండి. నూనె పొగమంచూ ఊపిరికి మంచిది కాదు. మూత వేసే కోయండి, ఆపాక కొన్ని నిమిషాలు ఆగి తెరవండి. మాంగనీసు రాళ్లు కోసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ ధూళి నరాలను దెబ్బతీస్తుంది.

రాజాం నుంచి: "పాత వస్తువుల యాప్‌లో ఒక రంపం నచ్చింది. అమ్మే ఆయన వేరే రాష్ట్రంలో ఉన్నారు. టోకెన్ డబ్బు పంపితే వేరేవాళ్లకు ఇవ్వనంటున్నారు."

పంపకండి. ముందు వీడియో కాల్‌లో యంత్రాన్ని తిప్పించి చూడండి, ఆ రోజు దినపత్రికను దాని మీద పెట్టించండి. సాకులు చెబితే అక్కడితో ఆపేయండి. "డబ్బు వెనక్కి ఇస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అంటే అది మోసమే, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కరలేదు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

బొబ్బిలి నుంచి ఒక గృహిణి: "మా అబ్బాయి కొన్న పాత రంపంతో కొండరాళ్లు కోస్తున్నాను. ఎర్రని చుక్కలున్న రాయి కోశాక పలక మొత్తం నల్లబడింది. పలుగురాయి కోస్తే ఈమధ్య బ్లేడు ముందుకే వెళ్లడం లేదు. యంత్రం పాడైందా?"

లేదమ్మా, యంత్రం బాగానే ఉంది. ఆ ఎర్ర చుక్కలు గార్నెట్లు, రాయి ఖొండలైటు అయివుంటుంది. ఎండావానలకు నాని గుల్లబారిన ఖొండలైటు నూనెను స్పాంజిలా పీల్చుకుంటుంది. అలాంటి రాయిని కోయడానికి ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి. సందులు నీటితో నిండితే నూనెకు చోటు తగ్గుతుంది. కోసిన వెంటనే పలకను రంపపు పొట్టులో దొర్లించి, గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. ఇప్పటికే నల్లబడిన పలకకు ముల్తానీ మట్టిని ముద్దగా కలిపి పట్టించి, ఎండాక దులపండి. రెండు మూడు సార్లు చేస్తే చాలావరకు తేలుతుంది. ఈ దులిపే పని ఆరుబయట, ముక్కుకు మాస్కు పెట్టుకుని చేయండి.

బ్లేడు ముందుకు వెళ్లకపోవడానికి కారణం, దాని అంచులోని వజ్రపు పలుకుల మీద లోహం పూత పూసినట్టు కప్పేయడం. పలుగురాయి వంటి గట్టి రాళ్లే వరసగా కోస్తే ఇలా మొద్దుబారుతుంది. పాత సానరాయి చక్రం ముక్కను గాని, బట్టీ ఇటుకను గాని వైస్‌లో బిగించి రెండు మూడు కోతలు కోయండి. మెత్తని లోహం అరిగి కొత్త పలుకులు బయటపడతాయి. ఆ తర్వాత పలుగురాయి పెట్టినప్పుడు, మొదటి అర అంగుళం దిగేదాకా రాయిని ముందుకు నడిపే వేగం తగ్గించండి. ఉబ్బెత్తుగా ఉన్న చోట బ్లేడు మొదట తగిలితే పక్కకు జారి వంగుతుంది కనుక, రాయిని తిప్పి, చదునైన వైపు బ్లేడుకు ఎదురుగా ఉండేలా బిగించుకోండి.