సంక్రాంతికల్లా లక్ష కట్టమంటున్నారు, కట్టెయ్యాలా?

అంబాజీపేట దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు: "మాకు మూడెకరాల వరి, ఎకరం కొబ్బరి. బియ్యం కార్డు ఉంది. అమ్మాయి రాజమండ్రి హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. సంక్రాంతికల్లా లక్ష కడితే బీటెక్ కంప్యూటర్స్‌లో మేనేజ్‌మెంట్ సీటు ఆపుతామని, తర్వాత దొరకదని ఓ ఏజెంటు అంటున్నాడు. ఫీజు ఏడాదికి రెండు లక్షలట. మూడు లక్షల చీటీ ఉంది, ఇప్పుడు పాడితే రెండున్నర చేతికొస్తుంది. పాడెయ్యమంటారా, బంగారం పెట్టమంటారా? అమ్మాయి పేరున 2015లో పోస్టాఫీసులో వేసిన సుకన్య ఖాతాలో 2.6 లక్షలున్నాయి గానీ అది పెళ్లికని కదపడం లేదు."

చీటీ పాడకండి, బంగారమూ పెట్టకండి. అమ్మాయి ఇంకా ఒక్క పరీక్షైనా రాయలేదు. ఇప్పుడు లక్ష కట్టడం కోసం చీటీ మీద యాభై వేలు వదులుకోవడం ఏం లెక్కండీ?

అసలు నష్టం ఆ యాభై వేలు కూడా కాదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావే, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుతో వాటిలో చేరితే ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజే ఉంటుంది, అర్హత ఉంటే రీయింబర్స్‌మెంట్ వస్తుంది, అంటే ఆ ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. కాలేజీ తానే నింపుకునే మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ లేదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో, జాబితాలోని కాలేజీల్లో చేరే పిల్లల్లో అర్హులైనవారి రుణానికి వడ్డీ రాయితీ ఉంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అదీ పోతుంది. అంటే ఆ లక్షతో మీరు నాలుగేళ్లకు ఎనిమిది లక్షల బాకీ నెత్తినేసుకుని, ఆదుకునే దారులన్నీ మీ చేతులతోనే మూసుకుంటున్నారు. ఒకటీ అరా పెద్ద కాలేజీల్లో ఆ సీట్లు నిజంగానే అయిపోవచ్చు, కాదనను. అయినా ర్యాంకు చూడకుండా కొనాల్సినంత సరుకు కాదది.

ఒకవేళ ఇంట్లో పట్టుబట్టి కట్టేట్టయితే కాలేజీ పేరున రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. క్లాసులు మొదలవకముందు సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతా ఫీజు తిరిగివ్వాలని ఇంజినీరింగ్ కాలేజీలను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ఉంది. అది కాలేజీకి కట్టిన ఫీజుకే, ఏజెంటు జేబులో పడినదానికి కాదు.

ఇక ఈ ఏడాది నిజంగా అయ్యే ఖర్చు. ఐఐటీ, ఎన్ఐటీలకు దారైన జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. తర్వాత ఈఏపీసెట్, కావాలంటే ఒకటి రెండు ప్రైవేటు యూనివర్సిటీల పరీక్షలు. అన్నీ కలిపినా ఏడెనిమిది వేలు దాటకూడదు, ఒక కొబ్బరి దింపు డబ్బులో సర్దుకోవచ్చు. ఈఏపీసెట్‌కి మాత్రం గడువులోపే అప్లై చేయించండి, లేటు ఫీజు పెరుగుతూ వేలల్లోకి పోతుంది. ఇంటర్ మార్కులకు అందులో 25 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పబ్లిక్ పరీక్షల ముందు ఈ సీటు గొడవ అమ్మాయి చెవిన వెయ్యకండి. ఉన్న టెన్షన్ చాలు.

మీకు అసలు ఇబ్బంది కౌన్సెలింగ్ వేళ వస్తుంది. ఊడ్పుల కూలి, దమ్ము, ఎరువులు ఒక పక్క, కాలేజీ, హాస్టల్ ఫీజులు ఒక పక్క, రెండూ ఒకే నెలలో మీద పడతాయి. దాళ్వా (రబీ) డబ్బు పంట రుణం తిరగరాయడానికే సరిపోతుంది. అందుకే ఇప్పుడొచ్చే సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బులోంచి లక్ష తీసి ఆరు నెలల ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యండి. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీలు ముందు మిమ్మల్నే కట్టమంటాయి, అప్పటికి అది చేతిలో ఉండాలి.

సుకన్య సంగతి చాలామందికి తెలియదు. అది పెళ్లికే కాదు. అమ్మాయి పదో తరగతి పాసైంది కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండకపోయినా చదువుకు తీసుకోవచ్చు. అంతకుముందు మార్చి 31 నాటి నిల్వలో సగం దాకా, అంటే మీకు 1.3 లక్షల వరకు, ఫీజు ఎంతైతే అంత ఇస్తారు. అడ్మిషన్ కాగితం, ఫీజు చలానా పట్టుకెళ్లాలి. ఖాతా ముయ్యక్కర్లేదు, మిగతా డబ్బుకు వడ్డీ వస్తూనే ఉంటుంది. ఇదీ చాలకపోతే అప్పుడు విద్యారుణం. సాధారణంగా 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు, కోర్సు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలవవు. చీటీని చివరిదాకా ఉంచండి, రెండో ఏడాది ఫీజుకు అక్కరకొస్తుంది.

ఈడబ్ల్యూఎస్ (అగ్రవర్ణ పేదల కోటా) గానీ ఓబీసీ గానీ వర్తిస్తే ఆ సర్టిఫికెట్ ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే ఐఐటీ, ఎన్ఐటీ కౌన్సెలింగ్‌లో చెల్లుతుంది. పాతది ఉంది కదా అని ఊరుకోకుండా ఏప్రిల్ మొదటి వారంలోనే గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టండి. ఆదాయ ధ్రువీకరణకు కూడా ఆ రోజే పెట్టేస్తే ఇంకోసారి తిరగక్కర్లేదు.